నిదానక్క కూనిరాగం

వరసగా రెండుసార్లు పరీక్ష తప్పిన మనిషి మూడోసారి నూటికి తొంభై ఆరు తెచ్చుకుంటే పక్కవాళ్ళు భుజమైనా తడతారు, కుళ్ళుకోనైనా కుళ్ళుకుంటారు. భూతద్దం ఆ రెండూ చేయలేదు. స్టాప్‌వాచీ జేబులో వేసుకుని, ఆ వంద కార్డులూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. గుండుసూది గుచ్చిన చిల్లు ఉందా, గోటి గీత ఉందా, మూల మడతపడిందా అని. ఏమీ లేదు. వాసన కూడా చూశాడు. కొత్త అట్ట వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

భూతద్దం అంటే తపాలా సార్టింగు ఆఫీసులో మూడో హాలు సూపర్‌వైజరు. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఒకసారి వాడిన తపాలా బిళ్ళని ఎవరైనా ముద్ర చెరిపి మళ్ళీ అతికిస్తే, దాన్ని మూడడుగుల దూరం నుంచి పట్టేవాడు. ఆ చూపు ఉత్తరాలతో ఆగితే బాగుండేది. పెందలాడే వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని, ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఎక్కణ్ణుంచి వస్తున్నావని అడిగే రకం. "మా ఆయన కన్నా ముందు ఆయన అనుమానం పుట్టింది, దాని చెయ్యి పట్టుకుని ఈయన పుట్టాడు," అని వాళ్ళావిడ నవ్వుతూనే అనేది.

పరీక్ష ఇలా ఉంటుంది. ఒక్కో పోస్ట్‌మాన్ తిరిగే వీధులన్నీ కలిపి ఒక బీటు. ఊరంతటికీ నలభై ఎనిమిది బీట్లు, ఆరువందల పైచిలుకు వీధులు. చెక్క చట్రంలో నలభై ఎనిమిది గూళ్ళు. మామూలు రోజుల్లో చట్రం పక్కన జాబితా అతికించి ఉంటుంది, సందేహం వస్తే చూసుకోవచ్చు. పరీక్ష నాడు దాన్ని ఊడదీస్తారు. వంద కార్డుల మీద వంద చిరునామాలు. ఎనిమిది నిమిషాల్లో ఏ వీధి కార్డు ఆ గూట్లో పడాలి. ఎనభై దాటితే నెగ్గినట్టు. మూడుసార్లు తప్పితే సంచుల విభాగానికి పంపిస్తారు. అక్కడ తలతో పని లేదు, నడుముతోనే పని.

నిదానక్క చాలా ఏళ్ళు ముద్రల బల్ల దగ్గర పనిచేసి, ఏడాదిన్నర క్రితమే సార్టింగుకి వచ్చింది. ఏ పనైనా నింపాదిగా చేస్తుంది కనక ఆ పేరు. వయసు నలభై ఐదు దాటింది. మొదటి పరీక్షలో యాభై నాలుగు, రెండోదాంట్లో అరవై ఒకటి. "సంచులు నీకోసం ఎదురుచూస్తున్నాయక్కా," అని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆవిడ నవ్వి ఊరుకునేది. అలాంటి మనిషి ఈసారి ఏడున్నర నిమిషాల్లో చివరి కార్డు గూట్లో పెట్టి, చేతులు దులుపుకుని పక్కకి జరిగింది.

భూతద్దాన్ని కెలికింది మార్కులొక్కటే కాదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆవిడ పెదాలు మూసుకునే ఉన్నాయి గానీ గొంతులోంచి ఒక సన్నటి కూనిరాగం వస్తూనే ఉంది. ఎడమచేతి వేళ్ళు చీర కుచ్చెళ్ళ మీద ఒకటీ రెండూ మూడూ అన్నట్టు తడుతూనే ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల రాగం ఆగింది, చెయ్యీ ఆగింది. రాగం మళ్ళీ ఎత్తుకోగానే చెయ్యి గూటి వైపు కదిలింది.

"ఎవరికో సైగ చేస్తోంది. లేకపోతే ఎవరి దగ్గర్నుంచో అందుకుంటోంది," అనుకున్నాడు భూతద్దం. కాకపోతే హాల్లో ఆ సమయానికి వాళ్ళిద్దరే ఉన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని కూడా అదే మాట.

"అరవై ఒకటి నుంచి తొంభై ఆరా? ఆరు నెలల్లోనా? నా చెవిలో పువ్వు పెడుతున్నారు."

"బాగా చదువుకుని ఉంటుంది," అంది భార్య.

"ఆ వయసులో ఎవరికి తలకెక్కుతుంది?"

"అంటే మార్కులు తక్కువొస్తే చేతకానివాళ్ళు, ఎక్కువొస్తే దొంగలు. మధ్యలో ఎన్ని తెచ్చుకుంటే మీకు నమ్మకం కుదురుతుందో చెప్పండి, ఆవిడకి కబురు పెడతాను."

భూతద్దం అన్నం ఇటూ అటూ కెలికి లేచిపోయాడు.

మర్నాటి నుంచి నిదానక్క మీద కన్నేసి ఉంచాడు. ఆమె కుర్చీ మార్చాడు, గోడవైపు తిప్పాడు. అయినా కూనిరాగం ఆగలేదు. రోజూ ఒకే రాగం కాదు. ఒక్కోసారి ఏడుస్తున్నట్టు నెమ్మదిగా, ఒక్కోసారి మెట్లు దిగుతున్నట్టు చకచకా. మూడోనాడు పక్కన నిలబడి అడిగాడు.

"ఏంటమ్మా పాడుతున్నావు?"

ఆవిడ ఉలిక్కిపడింది. చేతిలో ఉత్తరాలు బల్లమీద జారాయి. "ఏం లేదు సార్."

"ఏం లేకపోతే గొంతెందుకు కదులుతోంది?"

"అలవాటు సార్. ఇక పాడను."

ఏం లేదన్నప్పుడు ఆవిడ మొహం చిన్నబోయింది, కళ్ళు తలుపువైపు వెళ్ళాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం, అనుకున్నాడు. అప్పటిదాకా అనుమానంగా ఉన్నది ఆ క్షణంలో నమ్మకమైపోయింది.

ఇంకో సంగతి కూడా గమనించాడు. డ్యూటీ అయిపోగానే అందరూ బస్సు స్టాపు వైపు వెళ్తుంటే, నిదానక్క మాత్రం వెనక గేటులోంచి ఎటో వెళ్తోంది. చేతిలో ఒక నోటుపుస్తకం. బస్సులో ఇంటికెళ్ళేవాళ్ళకి నోటుపుస్తకమెందుకు?

నాలుగోనాడు వెంట వెళ్ళాడు. సైకిలు నడిపించుకుంటూ, ఆవిడ ఆగినప్పుడల్లా వంగి గొలుసు సర్దుకుంటూ. ఆ గొలుసు ఆ సాయంత్రం తొమ్మిదిసార్లు ఊడింది. నీళ్ళట్యాంకు సందు, అద్దాల వీధి దాటి, పాత వంతెన దగ్గర ఎడమకి తిరిగి, ఒక రెండంతస్తుల ఇంటి పక్క మెట్లెక్కింది నిదానక్క. తలుపు తీశారు. లోపలికి వెళ్ళింది. కాసేపటికి మేడమీద కిటికీలోంచి వయొలిన్ వినపడింది.

భూతద్దం సైకిలు గోడకి ఆనించి, మెట్ల పక్కనున్న ఉత్తరాల డబ్బా మీద పేరు చదివాడు. చదివి, ఇంకోసారి చదివాడు.

అది పటంగారి ఇల్లు.

పటంగారు ఆరేళ్ళ క్రితం దాకా మూడో హాలు సూపర్‌వైజరు. ఊరి పటం మొత్తం ఆయన బుర్రలో ఉంటుందని ఆ పేరు. జాబితా ఎప్పుడూ చూసేవాడు కాదు. ఆరువందల వీధులూ ఆయనకి కొట్టిన పిండి. కొత్తగా చేరిన రోజుల్లో భూతద్దానికి పని నేర్పింది ఆయనే. "గురువుగారూ" అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. అలాంటి గురువుగారు మూడేళ్ళ క్రితం కూరగాయల అంగట్లో ఎదురైతే, ఈయన చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆయన ఈయన మొహంలోకి చూసి, గోడని చూసినట్టు చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాడు. రిటైరయ్యాక పొగరెక్కిందనుకున్నాడు భూతద్దం. ఆ అవమానం మింగుడుపడలేదు. ఆ తర్వాత ఆయన మారిన ఇల్లెక్కడో కూడా కనుక్కోలేదు, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు కిటికీ కింద నిలబడి లెక్క కట్టుకున్నాడు. పరీక్ష కార్డులు ఎవరు రాస్తారో ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వరు. పై ఆఫీసువాళ్ళు రిటైరైన ఎవరో అనుభవశాలి చేత రాయించి, సీలు వేసి పంపిస్తారని మాత్రం వినికిడి. ఊళ్ళో అలాంటి అనుభవశాలి ఇంకెవరున్నారు? పటంగారే రాశాడు. రాసినవి ఈవిడకి చూపించాడు. పైన వయొలిన్ మోగించేది లోపలి మాటలు బయటికి వినపడకుండా. అంతా అతికినట్టు సరిపోయింది.

సరిపోయినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. పైనుంచి వస్తున్న ఆ నెమ్మది రాగం ఎక్కడో తెలిసినట్టే ఉంది గానీ ఎక్కడో గుర్తురాలేదు. తనకి సంగీతంతో పని లేదు. అయినా గంటన్నరసేపు కదలకుండా అక్కడే నిలబడ్డాడు. నిదానక్క బయటికొచ్చే అలికిడి వినపడితే గానీ సైకిలెక్కలేదు.

ఇంటికెళ్ళి తెల్లకాగితం తీశాడు. 'అనుమానాస్పద పరిస్థితులలో' అని మొదలుపెట్టి పేజీన్నర రాశాడు.

భార్య భుజం మీంచి చదివింది. "పటంగారా? మీకు పని నేర్పిన ఆయన?"

"ఆయనే."

"కిందిదాకా వెళ్ళినవారు పైకెళ్ళి తలుపు కొట్టలేకపోయారా? నాలుగు మెట్లే కదా."

"కొడితే దాచేస్తారు."

"ఏం దాస్తారు? వయొలిన్నా?"

కాగితం మడిచి కవరులో పెట్టాడు. పొద్దున్నే పెద్దసారు చేతికిచ్చాడు. పెద్దసారు ఆఫీసు మొత్తానికి అధికారి, కాగితాల మనిషి. చదివి కళ్ళజోడు తీశాడు.

"రుజువేదయ్యా?"

"నిప్పు లేనిదే పొగ రాదు కదా సార్."

"పొగని ఫైల్లో పెట్టలేను. సోమవారం ఆవిడకి వేరే కార్డులతో మళ్ళీ పరీక్ష పెట్టిస్తాను. ఈలోగా నీకు ఏదైనా దొరికితే తీసుకురా."

ఆ మధ్యాహ్నానికే నిదానక్క చేతికి నోటీసు వచ్చింది. కారణం రాయలేదు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకుని, మళ్ళీ ఉత్తరాలు సర్దుకుంది. పాడనన్నాక కూడా అప్పుడప్పుడు వచ్చే కూనిరాగం ఆ రోజు హాల్లో వినపడలేదు. కోరుకున్నది అదే అయినా, ఆ నిశ్శబ్దం భూతద్దానికి ఇబ్బందిగానే అనిపించింది.

రుజువు కోసం ఆ సాయంత్రం మెట్లెక్కాడు. ఈసారి నేరుగా, చెప్పులు చప్పుడు చేసుకుంటూ. తలుపు తీసింది పటంగారి భార్య. పంతులమ్మ అంటారు ఆమెని. పొద్దున్నపూట పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఒక చేతిలో కమాను ఉంది.

"నువ్వా నాయనా," అంది, నిన్న చూసిన మనిషిని పలకరించినట్టు. "ఇప్పటికి దారి తెలిసిందా? రా."

గది చిన్నది. గోడవారన పుస్తకాల బీరువా, మూల ఒక ఇనప మంచం, కిటికీ పక్కన పేము కుర్చీ. కుర్చీలో పటంగారు. ఇస్త్రీ చొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టి ఉన్నాయి. కింద చాపమీద నిదానక్క, ఒళ్ళో నోటుపుస్తకం. భూతద్దాన్ని చూడగానే లేచి నిలబడింది. దాచే ప్రయత్నం చేయలేదు. దానికీ అనుమానమే వచ్చింది అతనికి. దాచకపోవడం కూడా ఒక ఎత్తేమో అని.

"గురువుగారూ, నమస్కారం."

పటంగారు మర్యాదగా తలూపాడు. "కూర్చోండి. ఎవరి కోసం వచ్చారు?"

"నేనండీ. మూడో హాలు. మీ దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి."

"సంతోషం," అన్నాడు పటంగారు. తర్వాత భార్యవైపు తిరిగి, "వీళ్ళకి మంచినీళ్ళు ఇచ్చారా?" అని అడిగాడు, ఆమె కూడా ఇంటికొచ్చిన మనిషే అయినట్టు.

పంతులమ్మ లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చింది. భూతద్దం గ్లాసు పుచ్చుకున్నాడు గానీ తాగలేదు. నటిస్తున్నాడా? ఈయన అంతకు తగినవాడే, ఏదైనా అనుకుంటే చేసి తీరేవాడు. పరీక్షించాలనిపించింది.

"గురువుగారూ, కొలిమి వీధి ఎన్నో బీటండీ?"

పటంగారి కనుబొమలు ముడిపడ్డాయి. పెదాలు కదిపాడు. చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పాడు. ఏదో పోగొట్టుకుని, ఏం పోయిందో కూడా తెలియని మనిషి వెతుక్కున్నట్టు గది నాలుగు మూలలూ చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అలా అడక్కు నాయనా," అంది పంతులమ్మ. "అడిగితే రాదు. అడిగితే భయపడతారు."

ఆమె కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. వయొలిన్ భుజానికి ఆనించి, తీగలు సవరించి, మొదలుపెట్టింది. భూతద్దం కిటికీ కింద విన్న నెమ్మది రాగమే. గదిలో కూర్చుని వింటే అది వేరేగా ఉంది. కమాను తీగని వదలకుండా సాగదీస్తుంటే, అతను చేతిలోని గ్లాసు సంగతే మర్చిపోయాడు.

రాగం రెండు చుట్లు తిరిగింది. పటంగారి వేళ్ళు గుండీ వదిలేశాయి. కుర్చీ చేతిమీద తట్టడం మొదలుపెట్టాయి. ఒకటీ రెండూ మూడూ. అప్పుడు గొంతు వచ్చింది. సన్నగా, పాటా కాదు, మాటా కాదు.

"కొలిమి వీధి నాలుగు, దాని వెనక తోళ్ళ సందు నాలుగు, ఉప్పు గిడ్డంగి రోడ్డు అయిదు, ఏటిగట్టు అయిదు, ఏటిగట్టు అడ్డదారి ఆరు..."

ఎక్కడా తడుముకోలేదు. రాగం మలుపు తిరిగినచోట బీటు మారింది. రాగం వేగం పుంజుకుంటే, ఊరి నడిబొడ్డున ఇరుకు సందులన్నీ పరిగెత్తుకుంటూ వచ్చాయి. నిదానక్క నిలబడే ఉంది గానీ, ఆవిడ వేళ్ళు నోటుపుస్తకం అట్టమీద అదే తాళం తడుతున్నాయి.

భూతద్దానికి ఇప్పుడు గుర్తొచ్చింది ఆ రాగం ఎక్కడ విన్నాడో. ఇరవై ఏళ్ళ క్రితం, హాల్లో ఉత్తరాలు సర్దుతూ పటంగారు దీన్నే గొంతులో పెట్టుకుని గొణిగేవాడు. ఆయన పని చేస్తున్నాడనుకునేవారు తప్ప, పాడుతున్నాడని ఎవరూ అనుకోలేదు.

"అయిదేళ్ళయింది ఈ మరుపు మొదలై," అని చెప్పింది పంతులమ్మ, వాయించడం ఆపి, ఆయనకి దుప్పటి కప్పాక. "పెళ్ళయిన కొత్తలో సాయంత్రం నేను సాధన చేసుకుంటుంటే, ఈయన పక్కన కూర్చుని వీధులు బట్టీ పట్టేవారు. విని ఆనందించేవారో, వీధులే చూసుకునేవారో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు నా పేరు గుర్తులేదు. అన్నం తిన్నారో లేదో గుర్తుండదు. ఇది మొదలుపెడితే మాత్రం ఊరంతా తిరిగొస్తారు."

"ఆమధ్య అంగట్లో నేను నమస్కారం పెడితే..." అన్నాడు భూతద్దం.

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

"అప్పటికే మనుషుల్ని పోల్చుకోవడం పోయింది నాయనా. ఏమనుకున్నావు?"

భూతద్దం గ్లాసులో నీళ్ళు తాగాడు.

నిదానక్క అప్పుడు నోరు తెరిచింది. "రెండోసారి తప్పాక, పటంగారు నాలుగు కిటుకులు చెబుతారేమోనని వచ్చాను సార్. అమ్మగారు, ఆయన స్థితి ఇలా ఉందమ్మా అన్నారు. మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నారు. నేను తాగుతుండగా ఆవిడ వాయించుకోవడం మొదలుపెట్టారు. ఆయన వీధులు చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి రోజూ వస్తున్నాను. మొదటి నెల రాసుకున్నాను. తర్వాత రాయడం మానేశాను. రాగం వస్తే వీధి దానంతటదే వచ్చేది."

"నేను అడిగినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ పంతులమ్మ వైపు చూసింది. పంతులమ్మే జవాబిచ్చింది. "నేనే చెప్పొద్దన్నాను. ఆ ఆఫీసులో ఆయన పటంగారుగానే ఉండిపోవాలని నా కోరిక. జాలిపడే పటంగారుగా కాదు."

భూతద్దం అక్కడినుంచి లేచి మెట్లు దిగాడు. అనుమానం అంత తేలిగ్గా వదిలే వస్తువు కాదు. సైకిలు మీద సగం దారి వచ్చేసరికి మళ్ళీ తల ఎత్తింది. ఆ మరుపు నిజమే. కానీ కార్డులు? కార్డులు ఆయన రాయలేదని రుజువేది? మరుపు మనిషి చేత ఎవరైనా రాయిస్తారా? పంతులమ్మ పక్కన కూర్చుని రాయించి ఉంటే?

ఇంటికి పోకుండా ఆఫీసుకి తిరిగి వెళ్ళాడు. బీరువా తాళం తీసి, పరీక్ష కాగితం బయటికి లాగాడు. ఎదుటివాళ్ళ తప్పులు వెతకడమే పనిగా బతికినవాడు, ఆ రోజు తొంభై ఆరు ఒప్పుల్నే భూతద్దం పెట్టి చూశాడు గానీ, నాలుగు తప్పులేమిటో చూడలేదు. ఇప్పుడు చూశాడు. రంగుల మిల్లు వీధి. దీపస్తంభం సందు. గడియారం మెట్లు. పాత జైలు వెనక రోడ్డు. నాలుగూ జనం పలచగా ఉండేచోట్లు, ఉత్తరాలు రావడమే తక్కువ. నాలుగేళ్ళ క్రితం బీట్లు సవరించినప్పుడు చేతులు మారిన వీధులు సరిగ్గా ఆ నాలుగే. నిదానక్క వాటిని పాత గూళ్ళలో పెట్టింది.

కార్డులూ వాటి జవాబులూ రాసినవాడికి కొత్త బీట్లు తెలియాలి. పటంగారికి తెలియదు. ఆయన బుర్రలో ఊరు ఆరేళ్ళ క్రితమే ఆగిపోయింది. కార్డులు ఎవరైనా ముందే అందించి ఉంటే, జాబితా చూసుకునేది, ఆ నాలుగూ కూడా ఒప్పయ్యేవి. తప్పులే ఆవిడ నిజాయితీకి సాక్ష్యం చెబుతున్నాయి. భూతద్దం ఆ కాగితం మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంత తెలివైనవాణ్ణి అనుకుంటూ పప్పులో కాలేసిన సంగతి అప్పటికి తలకెక్కింది.

పొద్దున్నే పెద్దసారు దగ్గరికి వెళ్ళాడు.

"నా కాగితం వెనక్కి తీసుకుంటాను సార్. పొరపాటు పడ్డాను."

"ముద్ర పడిపోయిందయ్యా. లోపలికొచ్చిన కాగితం వెనక్కి పోదు. నీ రెండో కాగితం కూడా రాసివ్వు, జత చేస్తాను. పరీక్ష మాత్రం జరగాల్సిందే. నువ్వు హాల్లో ఉండకు."

ఇక మిగిలింది నిదానక్కకి చెప్పడం. మధ్యాహ్నం విరామంలో ఆవిడ చట్రం దగ్గర ఒక్కతే ఉంటే వెళ్ళాడు.

"ఆ నోటీసు నావల్లే వచ్చిందమ్మా. నేనే రాశాను."

"తెలుసు సార్."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు రాస్తారు?" ఆవిడ గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. "మీరు అడిగినప్పుడు నేను చెప్పలేదు, అది నిజమే. కానీ రెండోసారి అడక్కుండానే రాసేశారు కదా సార్. ఇన్నేళ్ళు ముద్రల బల్ల దగ్గర ఉన్నాను. ఒక్క బిళ్ళ తేడా వచ్చిందా?"

రాలేదు. అతనికి తెలుసు.

"చట్రం పక్కన జాబితా ఉంది చూడు," అన్నాడు భూతద్దం, ఏమనాలో తోచక. "అందరికీ కనపడేదే. నాలుగేళ్ళ క్రితం కొన్ని వీధులు మారాయి. పటంగారికి అవి తెలియవు."

ఆవిడ జాబితా వైపు తిరిగి చూసి, వేలితో వెతుక్కుని, తలూపింది.

సోమవారం పరీక్ష రెండో హాలు సూపర్‌వైజరు పెట్టాడు. పాడకూడదని ముందే చెప్పారు. వేళ్ళు కదపకూడదని కూడా చెప్పారు. భూతద్దం బయట వరండాలో నిలబడ్డాడు. అద్దం తలుపులోంచి ఆమె వీపు మాత్రమే కనపడుతోంది. మొదటి నిమిషం చెయ్యి బాగానే ఆడింది. తర్వాత ఆగిపోయింది. ఒక కార్డు పట్టుకుని అర నిమిషం కదలకుండా నిలబడింది.  వరండాలో భూతద్దం తనకే తెలియకుండా ఆ నెమ్మది రాగాన్ని లోలోపల ఎత్తుకున్నాడు. అపశ్రుతిలోనే. ఆవిడకి వినపడదని తెలిసి కూడా.

లోపల ఆవిడ తల కాస్త పక్కకి వాలింది, దూరం నుంచి ఏదో వింటున్న మనిషిలా. తర్వాత చెయ్యి కదిలింది.

ఎనభై ఎనిమిది వచ్చాయి. నెగ్గింది. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు గానీ, "తొంభై ఆరు ఏమైపోయిందో" అని గొణిగినవాళ్ళూ ఉన్నారు. ఫిర్యాదు కాగితంలోని మేడ సంగతి ఎలాగో బయటికి పొక్కింది, ఒకసారి పడ్డ మచ్చ అది. రెండో హాల్లో ఇప్పటికీ ఎవరైనా బాగా చేస్తే, ఏ మేడమీద నేర్చుకున్నావని హాస్యమాడతారు. భూతద్దం వినపడినప్పుడల్లా ఆపుతాడు. ఆపితే మానేవాళ్ళెవరు?

ఆ తర్వాత గురువారాలు అతను పటంగారింటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదట్లో కొత్త బీట్ల జాబితా జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు, తను కూడా ఆ పద్ధతిలో నేర్చుకుని చూద్దామని. నిజానికి అది కూడా పరీక్షే. సంగీతానికి నిజంగా ఆ శక్తి ఉందా, లేక అందరూ అనుకుంటున్నారా అని. నాలుగు వారాలు కూర్చున్నాడు. ఒక్క వీధి ఎక్కలేదు. కమాను తీగ మీదికి రాగానే జాబితా సంగతి మర్చిపోయేవాడు. ఐదో వారం జాబితా ఇంట్లోనే వదిలేశాడు. ఆ వారం భార్య కూడా వెంట వచ్చింది.

"మీరు సాయంత్రమంతా ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కూర్చోవడం ఇవాళే చూశాను," అంది తిరిగొస్తూ. అతను కాదనలేదు.

ఒకరోజు పంతులమ్మనే అడిగేశాడు. "నిజం చెప్పండి అమ్మగారూ. ఇది సంగీతం మహిమేనా?"

"ఏమో నాయనా. నా దగ్గర పొద్దున్న నేర్చుకునే పిల్లలున్నారు. సగంమందికి ఎక్కాలు రావు. సంగీతానికి మహిమ ఉంటే వాళ్ళకేమైంది?" అని నవ్వింది. "ఈయన నలభై ఏళ్ళు, ఆ అమ్మాయి ఆరు నెలలు, ఒకే చోట, ఒకే వేళకి, ఇష్టపడి కూర్చున్నారు. ఇందులో రాగమెంతో, కూర్చోవడమెంతో, ఇష్టమెంతో విడదీసి చెప్పడం నావల్ల కాదు."

వానలు మొదలయ్యేసరికి పటంగారి వీధులు తగ్గుతూ వచ్చాయి. మొదట ఊరి చివరి బీట్లు పోయాయి. తర్వాత ఏటి అవతలివి. వయొలిన్ సాగుతూనే ఉండేది, ఆయన మధ్యమధ్య ఊరుకునేవాడు. అప్పుడు చాపమీంచి నిదానక్క ఆ వీధులు అందించేది, ఆయన గొంతుతోనే, ఆయన నెమ్మదితోనే. ఆయన తృప్తిగా తలూపేవాడు, తన మాటే అయినట్టు. చివరికి వేళ్ళు తట్టడం ఒక్కటే మిగిలింది. అప్పుడు కూడా పంతులమ్మ ఒక్క సాయంత్రం మానలేదు.

నిదానక్క సార్టింగులోనే ఉంది. కొత్తగా చేరినవాళ్ళని భూతద్దం ఆవిడ దగ్గరికే పంపిస్తాడు. ఇద్దరూ పటంగారింట్లో ఒకే చాపమీద, ఆ చివరా ఈ చివరా కూర్చుంటారు. మెట్లు దిగాక ఆవిడ "వస్తాను సార్" అని ఎడమకి తిరుగుతుంది, అతను కుడికి. అంతకుమించి ఒక్క మాట ఉండదు. హాల్లో ఇప్పుడు పాడొద్దని ఎవరూ అనరు. అయినా అతను దగ్గరికి వస్తున్నాడని తెలిస్తే ఆవిడ రాగం ఆపేస్తుంది. అందుకని భూతద్దం ఆవిడ చట్రం పక్కనుంచి వెళ్ళడం మానేసి, హాలు చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.